రెండో బ్రేకు

మెకానిక్ వచ్చి బ్యాటరీ తీగలు ఊడదీసేదాకా మాస్టారు వాకిట్లో కారు చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు.

మెకానిక్ ఆ తీగల కొసలకు గుడ్డ చుట్టి పక్కకు వంచాడు. తను చెప్పేదాకా వాటిని ఎవరూ ముట్టుకోకూడదన్నాడు. ఎవరూ అంటే మాస్టారు అని అర్థం.

డ్రైవింగ్ నేర్పడమే వృత్తిగా బతికే మనిషిని తన కారు దగ్గరకే రావద్దనడం చిన్న విషయం కాదు. నిన్న సాయంత్రం తాడు కట్టి లాక్కొచ్చిన కారు వాకిట్లో ఆగినప్పటి నుంచి, ఒక్కసారి తాళం తిప్పి చూస్తే బతికుందో పోయిందో తెలిసిపోతుంది కదా అని మాస్టారు సణుగుతూనే ఉన్నాడు. లోపల నీళ్ళుంటే ఆ ఒక్క తిప్పుకే ఇంజను పోతుందని, బతికుందో లేదో తెలుసుకోవడం కోసం చంపుకునేవాళ్ళని ఎక్కడా చూడలేదని మెకానిక్ అన్నాడు. ఇద్దరూ ఒకే బడిలో చదువుకున్నవాళ్ళు కాబట్టి మాస్టారు ఆ మాట పడ్డాడు.

కారు నాలుగు తలుపులూ తెరిచి ఉన్నాయి. తలుపుల సగం ఎత్తున బురద గీత ఒకటి కారు చుట్టూ తిరిగి వచ్చింది. కప్పు మీద "నేర్చుకుంటున్నారు, దూరంగా ఉండండి" అన్న బోర్డు మాత్రం కడిగినట్టు శుభ్రంగా ఉంది.

వరండాలో కుర్చీ వేసుకుని అత్తగారు, అంటే మాస్టారి తల్లి, కూర్చుంది. మెట్ల మీద బకెట్టు, బ్రష్షు, పాత తువ్వాళ్ళు సిద్ధం చేసుకుని కోడలు నిలబడింది.

"మళ్ళీ అడుగుతున్నాను," అన్నాడు మాస్టారు భార్యతో. "నీళ్ళ మధ్యలో యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీశావా, లేదా?"

"గుర్తులేదు."

"గుర్తులేకపోవడమేమిటి? నీ కాలే కదా."

"గుర్తులేదన్నాను కదండీ."

నిన్న వాన మొదలైన కాసేపటికే అత్తగారి అక్కగారింట్లో కింది గదుల్లోకి నీళ్ళు వచ్చాయి. చుట్టపుచూపుగా వెళ్ళిన అత్తగారు అక్కడ ఇరుక్కుపోయింది. మాస్టారు సాయంత్రందాకా ఊళ్ళో లేడు. కోడలు ఎవరినీ అడక్కుండా కారు తీసి వెళ్ళి అత్తగారిని ఎక్కించుకుంది. తిరిగి వస్తుంటే రైలు వంతెన కింద, మోకాలు దాటిన నీళ్ళలో కారు ఆగిపోయింది. ఆగాక ఆమె తాళం మళ్ళీ తిప్పలేదు. దిగి, దారినపోయేవాళ్ళని బతిమాలి, కారుని గట్టుదాకా తోయించింది. అంతవరకూ బాగానే చేసిందని మెకానిక్ కూడా ఒప్పుకున్నాడు.

మాస్టారి పట్టు అంతా దానికి ముందు జరిగిన దాని మీదే. నీళ్ళలో మొదటి గేరులో వెళ్ళాలి, కాలు ఒకేలా నొక్కి ఉంచాలి, గేరు మార్చకూడదు, ఆగకూడదు. ఈ పాఠం అతను ఊళ్ళో సగం మందికి చెప్పాడు. భార్యకి చెప్పినన్నిసార్లు ఇంకెవరికీ చెప్పలేదు. కారు నీళ్ళలో దానంతటది ఆగదని, భయపడ్డ మనిషి ఆపితేనే ఆగుతుందని అతని సిద్ధాంతం.

సిద్ధాంతం నిజానికి తప్పు కాదు.

"భయం ఉన్నవాళ్ళు నేర్చుకోవచ్చు. నేర్పకూడదు," అన్నాడు. "ఆడవాళ్ళ బ్యాచ్ సంగతి ఇక మర్చిపో. ఇవాళ వాళ్ళకి నేనే చెప్పేస్తాను."

కోడలు బ్రష్షు బకెట్లో ముంచింది. వచ్చే నెల నుంచి పొద్దుటి బ్యాచ్ ఆమెది కావలసింది. నేర్పడానికి కావలసిన పరీక్షకు వంట చేస్తూ చదివి, మొదటిసారే నెగ్గింది. పేర్లిచ్చిన ఆడవాళ్ళు రోజూ ఫోన్ చేసి, మేడమ్ ఎప్పుడు మొదలుపెడతారు అని అడుగుతున్నారు. పెళ్ళయినప్పటి నుంచీ మాస్టారి భార్యగా తప్ప ఇంకోలా ఎవరూ పిలవని ఆమెకి ఆ మేడమ్ అన్న పిలుపు చాలా ఇష్టంగా ఉండేది. ఇష్టంగా ఉందని ఎవరికీ చెప్పలేదు.

ఆ ఇంట్లో కూరలో ఉప్పు దగ్గర నుంచి పక్కింటి గేటు రంగుదాకా అత్తగారి అభిప్రాయం లేని విషయం ఉండదు. కోడలి డ్రైవింగ్ మీద అయితే ఆవిడకి రోజుకో అభిప్రాయం. అలాంటిది ఆ పొద్దున బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంది. నీళ్ళలో జడుసుకుంది పాపం అనుకున్నాడు కొడుకు. కోడలు అది కూడా తన తప్పుల ఖాతాలోనే వేసుకుంది.

మాస్టారు బస్సెక్కి లైసెన్సుల ఆఫీసుకి వెళ్ళిపోయాడు. అతని శిష్యులకి ఆ రోజే పరీక్ష. కారు లేదని చెప్పి, ఇంకో కారు ఎక్కడైనా దొరుకుతుందేమో చూడాలి. వెళుతూ వెళుతూ గేటుని గట్టిగా వేశాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపించడానికి ఆడవాళ్ళే కానక్కర్లేదు.

మెకానిక్ పనిలో దిగాడు. ముందుగా ఇంజను ఆయిల్ కొలిచే కడ్డీ బయటికి లాగి వెలుతురులో తిప్పి చూశాడు. నీళ్ళు చేరిన ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటుంది, కొలత కూడా పైకెక్కి ఉంటుంది. ఇది నల్లగా, ఉండాల్సిన చోటే ఉంది. కోడలు అతని ముఖం వైపు చూస్తూ నిలబడింది. డాక్టరు ముఖం చూసినట్టు అలా చూడొద్దని, ఇంకా చాలా ఉందని చెప్పాడు.

తర్వాత గాలి పీల్చే డబ్బా మూత తీశాడు. లోపలి ఫిల్టర్ అడుగు అంచు తడిసింది. పై భాగం పొడిగా ఉంది. నీళ్ళు గుమ్మందాకా వచ్చి ఆగిపోయాయన్నమాట. అయినా నమ్మకుండా ప్లగ్గులు విప్పి, ఆ రంధ్రాలలోకి సన్నటి గొట్టం పెట్టి చూశాడు. చుక్క రాలేదు. రేడియేటరు నిండా గడ్డి, ప్లాస్టిక్ కవర్లు, ఎవరిదో చిన్నపిల్ల రిబ్బను ఇరుక్కున్నాయి. అవి ఒక్కొక్కటీ లాగి కింద పడేశాడు.

"చెల్లెమ్మా, లోపల నువ్వు చూసుకో," అన్నాడు. "కార్పెట్లన్నీ తీసెయ్యి. పైన ఆరితే ఆరిందనుకుంటాం. అడుగున తడి ఉండిపోతే వారానికి కంపు, ఆర్నెల్లకి తుప్పు."

సీట్ల బోల్టులు అతను విప్పి ఇచ్చాడు. మిగిలింది కోడలు చేసింది. కార్పెట్టు తడిసి మనిషంత బరువెక్కింది. కింద పరిచిన మెత్తటి పొర పిండితే నల్లటి నీళ్ళు కారాయి. సీటు బెల్టులు చివరిదాకా లాగి, వాటిలో పట్టిన ఒండ్రు బ్రష్షుతో తోమింది. తలుపుల అడుగున నీళ్ళు పోయే కన్నాలు మూసుకుపోతే పుల్లతో పొడిచి తెరిచింది. తలుపులో నిలిచిన నీళ్ళు ఆమె కాళ్ళ మీద పడ్డాయి. ఆ పని ఆమెకి బాగుంది. ఎవరూ ఏమీ అడగని పని అది.

ముందు పక్కసీటు వైపు కార్పెట్టు చివరికి మిగిల్చింది. అది కొంచెం చిక్కు, ఎందుకంటే అక్కడ పెడల్స్ ఉంటాయి. నేర్పే కార్లకి పక్కసీటు దగ్గర కూడా బ్రేకు, క్లచ్చు ఉంటాయి. నేర్చుకునేవాడు బెదిరినప్పుడు మాస్టారు అక్కడి నుంచి బ్రేకు నొక్కుతాడు. ఆ రెండో బ్రేకునీ డ్రైవరు బ్రేకునీ కలుపుతూ అడుగున అడ్డంగా ఒక ఇనప రాడ్డు ఉంటుంది.

అందుకే ఆ ఇంట్లో ఒక ఆచారం ఏర్పడింది. సొంత పనుల మీద వెళ్ళేటప్పుడు పక్కసీట్లో ఎవరు కూర్చున్నా కాళ్ళు కిందికి వేలాడదీయకూడదు. సీటు మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి. చుట్టాలు నవ్వుకునేవారు. ముందు సీటు మీద హక్కు మాత్రం ఎప్పుడూ అత్తగారిదే. వీధిలో అందరూ చూస్తుండగా కారు ముందు భాగంలో పీట మీద కూర్చున్నట్టు కూర్చుని వెళ్ళడం ఆవిడకి గొప్ప సరదా.

కోడలు కార్పెట్టు లాగింది. క్లచ్చు పెడల్ ఎత్తులోనే ఉంది. బ్రేకు పెడల్ నేలకి వాలిపోయి ఉంది. చేత్తో పైకెత్తితే మళ్ళీ వాలింది. వంగి, తల లోపలికి పెట్టి చూసింది. ఇనప రాడ్డు మధ్యకి వంగిపోయి ఉంది.



వంతెన కింద జరిగింది నెమ్మదిగా గుర్తు చేసుకుంది. మొదటి గేరు. కాలు ఒకేలా నొక్కి ఉంది. కదలకూడదని ఎంత గట్టిగా అనుకుందంటే పిక్క పట్టేసింది, ఆ నొప్పి ఇప్పటికీ ఉంది. తర్వాత కారు ఒక్కసారి ముక్కు కిందికి వంచి, అదిరి, ఆగిపోయింది.

కాలు తీస్తే కారు ముక్కు వంచదు. నీరసపడుతుంది, దగ్గుతుంది, కుంటుకుంటూ ఆగుతుంది. బ్రేకు పడితేనే ముక్కు వంచుతుంది. ఇది కూడా మాస్టారు నేర్పిందే.

రాత్రంతా ఆమె ఆ క్షణాన్ని తలుచుకుంటూనే ఉంది. తలుచుకున్న ప్రతిసారీ కళ్ళ ముందు తన కాలు పైకి లేచినట్టే కనిపించింది. ఎందుకంటే లేచిందని అతను చెప్పాడు. నేర్పినవాడు చెప్పాక కాలు ఎదురు చెబుతుందా?

ముందు ఆమెకి కోపం వచ్చింది. తర్వాత, బురదలో మోకాళ్ళ మీద కూర్చున్న మనిషికి రాకూడనంత సంతోషం వచ్చింది. తనకి కారు నడపడం వచ్చు. నిన్న ఆ నీళ్ళలో కూడా వచ్చు.

తల బయటికి తీసి చూస్తే వరండాలో అత్తగారు కుర్చీలోంచి లేచి నిలబడి ఉంది. గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఆవిడ రెండు చేతులతోనూ పమిట సర్దుకుంటోంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అత్తగారు లోపలికి వెళ్ళిపోయింది.

కాసేపటికి టీ తీసుకుని వచ్చింది. ఆ ఇంట్లో కోడలికి అత్తగారు టీ తెచ్చివ్వడం అంతకు ముందు కోడలికి జ్వరం వచ్చినప్పుడే జరిగింది.

"అడుగున ఏముంది?" అని అడిగింది.

"బురద."

"ఇంకా?"

"ఇంకేముంటుంది అత్తయ్యా."

అత్తగారు గ్లాసు చేతికిచ్చి, ఖాళీ గ్లాసు కోసం కూడా ఆగకుండా వెళ్ళిపోయింది.

అప్పటికి మెకానిక్ వెనక చక్రాలు విప్పి, బ్రేకు డ్రమ్ములలో పేరుకున్న ఇసుక దులుపుతున్నాడు. కోడలు పిలిస్తే వచ్చి చూశాడు. రాడ్డు మీద బొటనవేలు పెట్టి వంపు పొడవునా నడిపాడు. ఒకసారి వరండా వైపు చూసి గొంతు తగ్గించాడు.

"మాస్టారు బ్రేకు నొక్కేది కాలి వేళ్ళతో. ఇన్నేళ్ళలో ఇది వెంట్రుకంత కూడా వంగలేదు. ఇది రెండు కాళ్ళూ ఆనించి ఎవరో నిలబడ్డ పని, చెల్లెమ్మా. మాస్టారు వచ్చి చూసేదాకా ఇలాగే ఉంచమంటావా, సాపు చెయ్యమంటావా?"

అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ అంటారు. ఇక్కడ అత్త కొట్టిన కుండే కోడలి లెక్కలో పడింది. పడిన కుండ పెంకు చేతిలోకి వచ్చాక ఏ కోడలైనా ఏం చేస్తుంది?

ఈ కోడలు సాపు చెయ్యమంది. ఆయనతో అనొద్దని కూడా చెప్పింది.

అది మంచితనం అనుకుంటే పొరపాటు. కొంత మంచితనమే. మాస్టారికి తెలిస్తే తల్లిని ఇక వెనక సీట్లో కూడా కూర్చోనివ్వడు. ఊళ్ళో అందరికీ నవ్వుతూ చెబుతాడు. అది ఆవిడ తట్టుకోలేదు. కానీ అత్తగారు ఇకమీద జన్మంతా తన దగ్గర ఒక మాటకి అణిగి ఉంటుందన్న ఆలోచన కూడా కోడలికి వచ్చింది. వచ్చినందుకు సిగ్గుపడలేదు. తన కాలు లేవలేదని తనకి తెలిసింది, అంతే చాలనుకుంది. ఎవరికీ నిరూపించక్కర్లేదనుకుంది.

ఆ ధైర్యం మధ్యాహ్నం దాకా నిలిచింది.

మెకానిక్ రాడ్డు ఊడదీసి, వీధి చివర తన షెడ్డుకి పట్టుకెళ్ళి, సుత్తి దెబ్బ కూడా కనబడకుండా సాపు చేసి తెచ్చి బిగించాడు. పెడల్ మళ్ళీ ఎత్తులోకి వచ్చింది. ఫ్యూజుల డబ్బా విప్పి గాలి కొట్టి ఆరబెట్టాడు. కొత్త ఆయిలు, ఫిల్టర్ తెస్తానని, అవి వేశాకే స్టార్ట్ చేసి చూడాలని చెప్పి బజారుకి వెళ్ళాడు. కార్పెట్లు గోడ మీద ఆరుతున్నాయి.

మాస్టారు ఎండలో నడిచి వచ్చాడు. ముఖం కందిపోయి ఉంది. ఇంకో కారు దొరకలేదు, శిష్యుల పరీక్షలన్నీ వాయిదా పడ్డాయి. ముందుగదిలో కూర్చుని మంచినీళ్ళు తాగి, అక్కడ జరిగిందంతా చెప్పాడు. ఆడవాళ్ళ బ్యాచ్‌లో పేరిచ్చినవాళ్ళు ఇద్దరు ఆఫీసు దగ్గరే కనబడ్డారట. మిగిలినవాళ్ళకి కూడా చెప్పెయ్యమన్నాడట.

"ఏమని చెప్పారు?" అంది కోడలు.

"ఉన్నదే చెప్పాను. మా ఆవిడకే ఇంకా భయం పోలేదు, మీకేం నేర్పుతుందని."

"అందరి ముందూనా?"

"రహస్యమా ఏమిటి? కారు తాడు కట్టి లాక్కొస్తుంటే ఊరంతా చూసింది."

కోడలు అతని చేతిలోంచి గ్లాసు తీసుకుంది. తనకి తెలిస్తే చాలనుకున్నది చాలలేదని ఆమెకి అప్పుడు అర్థమైంది. మింగలేక కక్కలేక వంటింటి వైపు తిరిగింది.

"అది కాలు తియ్యలేదురా," అంది అత్తగారు.

గది మూలన మంచం మీద కూర్చుని ఉంది. చెప్పదలుచుకున్నది గోడకి చెబుతున్నట్టు చెప్పింది. కారు ఆపింది తనేనంది. నీళ్ళు తలుపుదాకా వచ్చేసరికి గుండె జారిపోయిందని, కాళ్ళ దగ్గర ఏది దొరికితే దాని మీద రెండు కాళ్ళూ పెట్టి తన్నిపట్టానని, అది బ్రేకని కారు ఆగాక గాని తట్టలేదని చెప్పింది.

మాస్టారు తల్లి వైపు జాలిగా చూశాడు. కాళ్ళు కిందికి ఎందుకు పెడతావు, ఎప్పుడూ మడిచే కూర్చుంటావు కదా అన్నాడు.

"మోకాళ్ళు మడతపడక ఏడాదయింది. చీర కుచ్చెళ్ళు కిందికి లాక్కుని కూర్చుంటే మీకెవరికీ కనబడలేదు. చెబితే వెనక సీట్లోకి తోస్తావని చెప్పలేదు."

ఇది ఆవిడ ఎందుకు చెప్పినట్టు? కోడలికి అన్యాయం జరిగిందని మనసు కరిగి కాదు. మనసు కొంచెం కరిగిన మాట నిజమే. కానీ పొద్దున కోడలు "బురద" అని ఊరుకుందే, ఆ ఊరుకోవడాన్ని ఆవిడ భరించలేకపోయింది. కోడలి దయ మీద ముందు సీట్లో కూర్చునే కంటే వెనక సీట్లో తన కాళ్ళ మీద తను కూర్చోవడం నయమనుకుంది.

మాస్టారు లేచి వాకిట్లోకి వెళ్ళాడు. పక్కసీటు తలుపు దగ్గర వంగి, పెడల్ చేత్తో నొక్కి వదిలాడు. తల లోపలికి పెట్టి అడుగుదాకా చూశాడు. తిరిగి వచ్చేటప్పుడు అతని ముఖం మీద చిరునవ్వు ఉంది.

"అమ్మా, నువ్వు చెప్పినట్టు రెండు కాళ్ళతో తన్నిపడితే ఆ రాడ్డు వంగిపోవాలి. అంత బరువు అది ఆగలేదు. నిటారుగా ఉంది. కావాలంటే వచ్చి చూడు. కోడల్ని వెనకేసుకు రావాలనిపించింది, సంతోషమే. కానీ నా దగ్గర కాదు."

అత్తగారికి రాడ్డు సంగతి తెలియదు. వంగిందీ తెలియదు, సాపు చేసిందీ తెలియదు. జన్మలో ఒక్కసారి నిజం ఒప్పుకుంటే ఇనప ముక్క కూడా ఎదురు సాక్ష్యం చెబుతోంది.

"ఒరే, నువ్వు పుట్టిన దగ్గర్నుంచీ నేను తప్పు చేశానని ఎప్పుడైనా ఒప్పుకున్నానా?"

"లేదు. అందుకే నమ్మడం లేదు."

ఆవిడకి కళ్ళనీళ్ళు వచ్చాయి. ఏడుపు కాదు, ఒళ్ళుమంట.

మెకానిక్‌ని పిలిచి అడిగితే ఒక్క మాటతో తేలిపోయే వ్యవహారం. అతను ఇంకాసేపట్లో వస్తాడు. కోడలు వంటింటి గుమ్మంలో నిలబడి ఆ మాట నాలుక చివరిదాకా తెచ్చుకుంది. మళ్ళీ లోపలికి తోసేసింది. వంగిన రాడ్డుని నమ్మే మనిషి తనని ఎందుకు నమ్మడు? ఇన్నేళ్ళు పక్కసీట్లో కూర్చుని తన చేతులూ కాళ్ళూ చూసినవాడు. నమ్మితే నన్నే నమ్మాలి అన్న మొండితనం ఆమెలో లేచింది. అది తెలివైన పని కాదు. ఆమెకి ఆ క్షణంలో తెలివి అక్కర్లేదు.

మాస్టారు భార్య వైపు తిరిగాడు. ఇదంతా అమ్మ చేత నువ్వే చెప్పించావా అని అడిగాడు. ఈసారి గొంతులో నవ్వు లేదు.

కోడలు గ్లాసు కింద పెట్టింది.

"నేను కాలు తియ్యలేదు."

"పొద్దున గుర్తులేదన్నావు. నిన్నా అదే అన్నావు."

"అప్పటికి మీరు చెప్పింది నమ్మాను."

ఎదురుగా ఉన్నది నేర్చుకోవడానికి వచ్చిన మనిషి అయితేనే ఏం చెప్పాలో మాస్టారికి తెలుసు. అత్తగారు కూడా కొడుకు వైపు కాకుండా కోడలి వైపు చూస్తోంది. పెళ్ళిచూపుల్లో కూడా ఆవిడ ఆమెని అంత పరీక్షగా చూడలేదు.

వాకిట్లో మెకానిక్ వచ్చిన అలికిడి వినిపించింది. పాత ఆయిలు పళ్ళెంలోకి కారడం, డబ్బా మూత తియ్యడం, బానెట్టు దగ్గర అతను తనలో తాను గొణుక్కోవడం అన్నీ లోపలికి వినబడుతున్నాయి. గదిలో ముగ్గురూ ఆ చప్పుళ్ళే వింటూ కూర్చున్నారు. ఎవరూ అన్నం మాట ఎత్తలేదు.

చాలాసేపటికి అతను గుమ్మం దగ్గరికి వచ్చాడు. చేతులు గుడ్డతో తుడుచుకుంటూ, అంతా అయిందన్నాడు. ప్లగ్గులు, చక్రాలు, సీట్లు బిగించాడు, బ్యాటరీ తగిలించాడు. ఇక స్టార్ట్ చేసి, వీధి చివరిదాకా మెల్లగా పోనిచ్చి, దారిపొడవునా బ్రేకులు నొక్కుతూ ఆరబెట్టాలి. తను ముందు నడుస్తూ చప్పుడు వింటాడు.

"ఎవరు కూర్చుంటారు?" అన్నాడు.

అడిగాక గాని అతనికి గదిలో సంగతి అర్థం కాలేదు. గుడ్డ మడతపెట్టడం మొదలుపెట్టాడు.

"వెళ్ళవే," అంది అత్తగారు.

"ఆగు," అన్నాడు మాస్టారు.

కోడలు గడప దాకా వచ్చి, చెప్పులు వేసుకోవడానికి వంగింది.